హైదరాబాద్‌లో పాత లగ్జరీ కారును దొంగల నుంచి కాపాడుకోవడం: తాళం చెవుల లెక్క నుంచి బీమా కాగితాల వరకు

పదేళ్లు దాటిన బెంజ్ ఈ-క్లాస్, బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్, ఆడి ఏ6, ల్యాండ్ క్రూయిజర్ వంటి కార్లను హైదరాబాద్‌లో ఎందరో ఇష్టంగా ఉంచుకుంటున్నారు. కొత్తలో పలికిన ధరలో చిన్న భాగమే ఇవాళ మార్కెట్‌లో వస్తుంది గానీ, వాటి హెడ్‌లైట్లు, గేర్‌బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), అల్లాయ్ వీల్స్ ధరలు ఆ మేరకు తగ్గవు. బండిని విప్పి విడిభాగాలుగా అమ్మితే మొత్తంగా అమ్మినదానికంటే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, 'పాత బండే కదా, ఎవరు తీసుకుపోతారు' అన్న ధీమాకు ఆధారం లేదు.

ఇటువంటి కార్లకు ఉన్న పెద్ద బలహీనత, చేతులు మారిన కొద్దీ వాటి తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నాయో, వైరింగ్‌లో ఎవరు ఏమి మార్చారో, కంపెనీ ఇచ్చిన అలారం ఇంకా పనిచేస్తోందో లేదో ప్రస్తుత యజమానికి తెలియకపోవడం. అందుకే పరికరాలు కొనే ముందు బండి ప్రస్తుత స్థితిని తెలుసుకోవాలి. కింది క్రమం ఆ ఆలోచనతోనే రాసినది. వీలైనంత వరకు అదే వరుసలో చేయండి.

మొదటి అడుగు: తాళం చెవుల లెక్క తేల్చండి

హైదరాబాద్‌లో తిరుగుతున్న పాత లగ్జరీ కార్లలో గణనీయమైన భాగం సెకండ్ హ్యాండ్‌లో, అదీ ఇతర రాష్ట్రాల నుంచి ఎన్‌ఓసీపై (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రంపై) వచ్చినవే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపైనా, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లపైనా ఆంక్షలు వచ్చినప్పటి నుంచి అక్కడి బండ్లు చవకగా దక్షిణాదికి చేరుతున్నాయి. అలా వచ్చిన బండితో చాలాసార్లు ఒక్క తాళం చెవే చేతికి అందుతుంది. రెండోది తర్వాత పంపిస్తామన్న మాట మాటగానే మిగిలిపోతుంది. ఆ రెండోది ఎక్కడో ఒకచోట ఉంటుంది, మీ కారును స్టార్ట్ చేసే శక్తి దానికి ఇంకా ఉంటుంది. మీ ఇంటి చిరునామా తెలిసిన ఏ బ్రోకరో, పాత డ్రైవరో దాన్ని దాచుకుని ఉంటే, మిగతా రక్షణలో ఎక్కువ భాగం వృథా అవుతుంది.

కాబట్టి మీ దగ్గరున్న తాళం చెవులన్నీ తీసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కు గాని, ఆ కంపెనీ డయాగ్నస్టిక్ పరికరం ఉన్న నిపుణుడి షెడ్డుకు గాని వెళ్లి, బండి మెమరీలో ఎన్ని తాళం చెవులు నమోదై ఉన్నాయో చూపించమని అడగండి. ఆ తరం బెంజ్ కార్లలో సాధారణంగా ఎనిమిది, బీఎండబ్ల్యూలలో పది తాళం చెవుల వరకు స్థానాలు ఉంటాయి. ఒక్కో స్థానాన్ని విడిగా నిలిపివేయవచ్చు. మీ చేతిలో ఉన్నవి మినహా మిగతావన్నీ నిలిపివేయించి, ఆ పని చేసినట్టు బిల్లుపై రాయించుకోండి. ఇలా నిలిపివేసిన తాళం చెవితో ఇంజిన్ స్టార్ట్ కాదు గానీ, దానిలోని లోహపు బ్లేడుతో డ్రైవర్ వైపు తలుపు ఇంకా తెరుచుకుంటుందన్నది మరవవద్దు. కారులో విలువైన వస్తువులు ఉంచే అలవాటు ఉన్నవారు తలుపు లాక్ సిలిండర్ మార్పించుకోవడం మంచిది.

యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానీయని ఏర్పాటు) తప్పనిసరి అయినది 1998 అక్టోబర్‌లో. మీది అంతకు ముందు కాలపు బండి అయితే, లోహపు తాళం చెవి ఒక్కటే దానికి కాపలా కావచ్చు. అటువంటి కార్లకు నాలుగో అడుగులో చెప్పిన రహస్య స్విచ్ తప్పనిసరి.

రెండో తాళం చెవిని గ్లవ్ బాక్సులో గాని, డిక్కీలో గాని ఎప్పుడూ ఉంచవద్దు. ఒరిజినల్ ఆర్సీ కూడా బండిలో ఉండనక్కర్లేదు, డిజిలాకర్‌లోని ప్రతి చట్టరీత్యా చెల్లుతుంది. బండితో పాటు ఒరిజినల్ కాగితాలూ పోతే దొంగకు అమ్మకం సులువవుతుంది, మీకు క్లెయిమ్ కష్టమవుతుంది.

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ హోటళ్లలోనూ, ఫంక్షన్ హాళ్లలోనూ వ్యాలే పార్కింగ్‌కు ఇవ్వవలసి వచ్చినప్పుడు, తాళం చెవుల గుత్తి మొత్తాన్ని అప్పగించకుండా కారు రిమోట్ ఒక్కటే ఇవ్వండి. చాలా మోడళ్లలో రిమోట్ లోపల దాగి ఉండే లోహపు చెవిని తీసి మీ దగ్గర ఉంచుకుని, డిక్కీని, గ్లవ్ బాక్సును విడిగా లాక్ చేసే సౌకర్యం ఉంటుంది. దాని వివరం ఓనర్స్ మాన్యువల్‌లో దొరుకుతుంది. మెకానిక్ షెడ్డులో బండి రోజుల తరబడి ఉంటే, ఒక్క తాళం చెవే ఇచ్చి, ఓడోమీటర్ అంకెను ఫొటో తీసుకోండి. ఇందులో ఎవరినీ అనుమానించడం లేదు. మంచి మెకానిక్ కూడా తన షెడ్డులో ఇరవై తాళం చెవులను ఒకే మేకుకు తగిలించి ఉంచుతాడు, అక్కడికి ఎవరెవరో వచ్చిపోతుంటారు.

రెండో అడుగు: కంపెనీ ఇచ్చిన రక్షణ బతికే ఉందా?

పాత లగ్జరీ కారు యజమానులు అందరికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ విషయాన్నే. ఈ కార్లలో అలారం సైరన్‌కు సొంతంగా చిన్న రీచార్జబుల్ బ్యాటరీ ఉంటుంది. దొంగ ప్రధాన బ్యాటరీ వైరు తెంచినా సైరన్ మోగాలన్నది దాని ఉద్దేశం. బీఎండబ్ల్యూ, బెంజ్ సైరన్లలో ఏళ్లు గడిచాక ఆ బ్యాటరీ కారి, లోపలి సర్క్యూట్ బోర్డును తినేయడం తరచుగా కనిపించే లోపం. డ్యాష్‌బోర్డుపై ఎర్ర దీపం యథావిధిగా మిణుకుమంటూనే ఉంటుంది కాబట్టి యజమాని అంతా సవ్యంగా ఉందనుకుంటాడు.

పరీక్షించే పద్ధతి సులువైనది. డ్రైవర్ వైపు అద్దాన్ని దించి, రిమోట్‌తో కారును లాక్ చేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అద్దంలోంచి చేయి లోపలికి పెట్టి ఆడించండి, లోపలి హ్యాండిల్‌ను లాగండి. సైరన్ గట్టిగా మోగాలి. లైట్లు మాత్రమే వెలిగి శబ్దం లేకపోతే సైరన్ మార్పించాలి. ఏమీ జరగకపోతే తలుపు లాక్‌లోని మైక్రోస్విచ్, బానెట్ స్విచ్, లోపలి మోషన్ సెన్సర్ వరుసగా చూపించండి. బానెట్ స్విచ్ పాడైన కార్లు కొన్నిటిలో, 'ఊరికే మోగుతోంది' అన్న కారణంతో మెకానిక్‌లు ఆ కనెక్షన్‌ను తీసేసి ఉంటారు. అలారం సెన్సర్లను తాత్కాలికంగా ఆపే బటన్లు ఉన్న మోడళ్లలో, బండిని క్రేన్‌తో ఎత్తితే గుర్తించే సెన్సర్ ఎవరైనా ఆపి వదిలేశారేమో కూడా చూసుకోండి.

ఇంకొక ముఖ్యమైన తనిఖీ ఉంది. 2007 తర్వాతి డబ్ల్యూ204 సీ-క్లాస్‌లోనూ, ఆ తరం మరికొన్ని బెంజ్ కార్లలోనూ ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్ మోటారు అరిగిపోయి బండి స్టార్ట్ కాకుండా ఆగిపోవడం అందరికీ తెలిసిన సమస్య. కంపెనీ భాగం ఖరీదైనది కాబట్టి, షెడ్డులలో దాని స్థానంలో ఎమ్యులేటర్ అనే చిన్న పరికరాన్ని పెడతారు. అది స్టీరింగ్ లాక్ సవ్యంగా ఉన్నట్టు కంప్యూటర్‌కు సంకేతం ఇస్తుంది గానీ స్టీరింగ్‌ను లాక్ చేయదు. బీఎండబ్ల్యూలలోనూ ఈ పద్ధతి ఉంది. తాళం చెవి తీసేశాక స్టీరింగ్ తిప్పి చూడండి. ఇరువైపులా స్వేచ్ఛగా తిరిగితే మీ కారుకు స్టీరింగ్ లాక్ లేనట్టే లెక్క.

మూడో అడుగు: కీలెస్ ఎంట్రీ ఉంటే

జేబులో రిమోట్ ఉండగానే తలుపు తెరుచుకునే సౌకర్యం మీ కారుకు లేకపోతే ఈ భాగంలో మీకు పనికొచ్చేది ఒక్కటే: లాక్ బటన్ నొక్కాక హ్యాండిల్‌ను లాగి చూడండి. పార్కింగ్ స్థలంలో జామర్ పెట్టి రిమోట్ సంకేతాన్ని కారుకు చేరనీయకుండా చేయడం చాలా చవకైన పన్నాగం.

కీలెస్ ఉన్నవారు రిలే దాడి గురించి తెలుసుకోవాలి. తలుపు హ్యాండిల్‌ను ముట్టుకోగానే కారు తక్కువ పౌనఃపున్యంలో ఒక బలహీనమైన పిలుపు పంపుతుంది; అది అందిన తాళం చెవి జవాబిస్తుంది. ఇద్దరు దొంగల్లో ఒకరు కారు దగ్గర, మరొకరు మీ ఇంటి తలుపు దగ్గర నిలబడి ఆ పిలుపును తమ పరికరాలతో దూరానికి మోస్తే, తాళం చెవి తన పక్కనే ఉందని కారు నమ్ముతుంది. అద్దం పగలదు, అలారం మోగదు.

దీనికి విరుగుడు సంకేతాలను అడ్డుకునే ఫారడే పౌచ్. రాత్రి ఇంటికి రాగానే రెండు తాళం చెవులనూ అందులోనే ఉంచండి. కొన్నవెంటనే, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి, పౌచ్‌లో పెట్టిన తాళం చెవితో కారు పక్కన నిలబడి తలుపు తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకుంటే ఆ పౌచ్ లోపలి పొర చిరిగినట్టు. వంటింటి డబ్బాల మీద ఆధారపడవద్దు, మూత సందులోంచి సంకేతం బయటపడవచ్చు. కీలెస్ సౌకర్యాన్ని డయాగ్నస్టిక్ పరికరంతో పూర్తిగా ఆపించుకునే వీలు కొన్ని మోడళ్లలో ఉంది. బటన్ నొక్కడం మీకు కష్టం కాకపోతే అదే అన్నిటికంటే మేలు. కీలెస్ కారులో హ్యాండిల్ లాగి లాక్ పరీక్షించబోతే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి, ఇండికేటర్లు మెరవడం, అద్దాలు ముడుచుకోవడం కళ్లారా చూసి కదలండి.

నాలుగో అడుగు: ఓబీడీ పోర్టు, రహస్య స్విచ్

స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌కు పరికరాలు తగిలించడానికి ఉండే పదహారు పిన్నుల ఓబీడీ పోర్టు మెకానిక్‌కు ఎంత ఉపయోగమో దొంగకూ అంతే. 2012 ప్రాంతంలో బ్రిటన్‌లో బీఎండబ్ల్యూ కార్లను, అద్దం పగలగొట్టి, ఆ పోర్టుకు పరికరం తగిలించి, ఖాళీ తాళం చెవిని అక్కడికక్కడే ప్రోగ్రామ్ చేసుకుని ఎత్తుకెళ్లిన ఉదంతాలు పెద్ద చర్చకు దారితీశాయి. 2022లో లండన్‌లో ఒక సైబర్ భద్రతా పరిశోధకుడి టయోటా కారు పోయినప్పుడు, దొంగలు హెడ్‌లైట్ వెనుక వైర్లలోకి నకిలీ సంకేతాలు పంపారని తర్వాతి పరిశోధనలో తేలింది. అంతకు ముందు కొన్ని నెలల్లో బంపరు, వీల్ ఆర్చ్ అంచులు ఎవరో ఊడదీసినట్టు ఆయన గమనించారు. మీ బండిపై అటువంటి ఆనవాలు కనిపిస్తే దాన్ని పిల్లల పనిగా కొట్టిపారేయక, ఆ రాత్రి నుంచే బండిని వేరే చోట పెట్టండి.

ఓబీడీ పోర్టుకు లోహపు లాక్ బాక్సు అమర్చవచ్చు, లేదా పోర్టును వేరే చోటికి మార్పించి దాచవచ్చు. అయితే నా దృష్టిలో పాత కారుకు అన్నిటికంటే విలువైన ఒక్క మార్పు ఫ్యూయల్ పంప్ సర్క్యూట్‌లో రహస్య స్విచ్. ఇంజిన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. దొంగ చేతిలో ఉన్న ఎలక్ట్రానిక్ పరికరం దీనికి పరిష్కారం చూపలేదు. కారణం వెతికే తీరిక వాడికి ఉండదు, పాత బండి మొరాయించిందనుకుని వదిలిపోయే అవకాశమే ఎక్కువ.

దీన్ని అమర్చించేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పంపుకు వెళ్లే మొత్తం కరెంటును చిన్న స్విచ్ గుండా పంపకూడదు. స్విచ్ ఒక రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే భాగాన్ని) నడపాలి, ఆ రిలే పంపును నడపాలి, మధ్యలో సరైన ఫ్యూజు ఉండాలి. నడుస్తున్న బండి ఓఆర్ఆర్ మీద హఠాత్తుగా ఆగిపోవడం ప్రాణాంతకం కాబట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు పొరపాటున తగిలినా పంపు ఆగని విధంగా వైరింగ్ చేయించండి. కనెక్షన్లు సోల్డర్ చేసి, ఇన్సులేషన్ వేసి, కంపెనీ వైరింగ్ తొడుగులోనే కలిసిపోయేలా చుట్టించండి. స్విచ్ డ్యాష్‌బోర్డు కింద అందరూ వెతికే చోట ఉండకూడదు. అమర్చిన ఎలక్ట్రీషియన్‌కు, మీకు, ఇంట్లో ఒకరికి తప్ప దాని జాడ ఎవరికీ తెలియకూడదు. స్టీరింగ్ బటన్లతో రహస్య సంఖ్య నొక్కితేనే బండి కదిలే ఇమ్మొబిలైజర్లు కూడా ఉన్నాయి. మీ మోడల్‌పై అనుభవం ఉన్న వ్యక్తి దొరికితేనే వాటి జోలికి వెళ్లండి, ఎందుకంటే ఇరవై ఏళ్ల నాటి వైరింగ్‌ను తెలియని చేతులు కెలికితే దొంగ చేసేదానికంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఐదో అడుగు: కంటికి కనిపించే తాళాలు

స్టీరింగ్‌కు అడ్డంగా పెట్టే ఇనుప లాక్, గేర్ లాక్, చక్రానికి వేసే క్లాంప్ పాత పద్ధతులే గానీ, రోడ్డు మీద రాత్రంతా ఉండే బండికి ఇప్పటికీ పనికొస్తాయి. కంపెనీ స్టీరింగ్ లాక్ స్థానంలో ఎమ్యులేటర్ ఉన్నట్టు తేలినవారు స్టీరింగ్‌కు పెట్టే ఇనుప లాక్ తప్పక కొనాలి. తోలు లేదా చెక్క స్టీరింగ్ గీతలు పడకుండా మందపాటి గుడ్డ చుట్టి పెట్టండి.

ఆరో అడుగు: జీపీఎస్ ట్రాకర్

ఓబీడీ పోర్టుకు తగిలించే ట్రాకర్‌ను దొంగ మొదటి నిమిషంలోనే పీకేస్తాడు. వైరుతో కలిపే రకం, లోపల బ్యాకప్ బ్యాటరీ ఉన్నది తీసుకుని, లోహపు పలకల వెనుక కాకుండా ప్లాస్టిక్ భాగాల వెనుక దాచించండి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో జీపీఎస్ సంకేతం అందదు కాబట్టి, సెల్లార్ నుంచి కదిలించగానే హెచ్చరిక పంపే కదలిక సెన్సర్ ఉందో లేదో చూడండి. సిమ్ గడువు, సబ్‌స్క్రిప్షన్ గడువు ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి. బండి పోయిన రోజున రీచార్జ్ లేదని తెలియడం కంటే బాధాకరమైనది లేదు. ట్రాకర్ కొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. పాత కార్లకు బ్యాటరీ నీరసపడే గుణం ఉంటుంది కాబట్టి, వారాల తరబడి కదలని బండికి బ్యాటరీని నిండుగా ఉంచే మెయింటెనర్ చార్జర్ పెట్టండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ తల్లిదండ్రుల ఇంట్లో కారు వదిలి వెళ్లిన మనవాళ్లు బ్యాటరీ వైరు తీసి వెళ్తుంటారు. దానితో అలారం, ట్రాకర్ రెండూ చచ్చిపోతాయని గుర్తించాలి.

ఏడో అడుగు: ఎక్కడ పెడతారు, ఎలా గుర్తుపడతారు

సెల్లార్‌లో గోడకు, స్తంభానికి మధ్య, క్రేన్‌కు అందని మూల చోటు దొరికితే అది కోరుకోండి. సెల్లార్ ర్యాంపును చూసే సీసీ కెమెరా రాత్రి నంబర్ ప్లేటును చదవగలుగుతోందా అని ఒకసారి రికార్డింగ్ తెరిచి పరీక్షించండి, వాచ్‌మన్‌కు మీ ఇంటి బండ్లను నడిపేవారు ఎవరో స్పష్టంగా చెప్పండి.

చాసిస్ నంబర్‌ను, ఇంజిన్ నంబర్‌ను, కారు నాలుగు వైపులను, లోపలి ప్రత్యేక గుర్తులను ఫొటోలు తీసి దాచుకోండి. అద్దాలన్నిటిపైనా చాసిస్ నంబర్ చివరి అంకెలు చెక్కిస్తే విడిభాగాల వ్యాపారికి ఆ అద్దాలు బరువవుతాయి. 2019 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరైన బండి అయితే, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా తీయలేని స్నాప్ లాక్ ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు వేయించుకోండి. మీ నంబర్‌పై వచ్చిన చలాన్లను నెలకోసారి ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో చూడండి. మీరు వెళ్లని చోట చలాన్ కనిపిస్తే ఎవరో అదే మోడల్ బండికి మీ నంబర్ వేసుకుని తిరుగుతున్నారని అర్థం. వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా తెలపండి.

ఎనిమిదో అడుగు: బీమా

థర్డ్ పార్టీ పాలసీ చోరీకి పైసా ఇవ్వదు. పాత కారుకు ప్రీమియం దండగ అనుకుని సమగ్ర బీమాను వదిలేసినవారు ఈ విషయం మరోసారి ఆలోచించాలి. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీని (చోరీకి గరిష్ఠంగా చెల్లించే, పాలసీలో రాసిన బండి విలువను) నిర్ణయించే పట్టిక లేదు, బీమా కంపెనీ, మీరు కలిసి ఒప్పుకున్న మొత్తమే ఐడీవీ. ప్రీమియం తగ్గించడానికి ఏజెంటు దాన్ని బాగా తక్కువ వేస్తే, చోరీ తర్వాత మీకు దక్కేదీ అంతే. సర్వీసు బిల్లులు, అదే మోడల్ ప్రస్తుత మార్కెట్ ధరలు చూపించి సరైన మొత్తం రాయించండి. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల రాయితీ ఉంది; చిన్న మొత్తమే అయినా పరికరం ఉన్నట్టు పాలసీలో నమోదు కావడం క్లెయిమ్ వేళ ఉపయోగపడుతుంది.

బండి కనిపించకపోతే

ముందుగా ట్రాఫిక్ పోలీసులు క్రేన్‌తో తీసుకెళ్లారేమో కనుక్కోండి. కాదని తేలగానే 100 లేదా 112కు ఫోన్ చేసి, ట్రాకర్ లొకేషన్ ఉంటే చెప్పండి. దాన్ని పట్టుకుని స్వయంగా వెంబడించవద్దు. తర్వాత దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించండి. సంఘటన తమ పరిధిలో జరగలేదని అంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడిగే హక్కు మీకు ఉంది. ఫాస్టాగ్‌ను ఆవేశంలో బ్లాక్ చేయకండి. దొంగ దాన్ని పీకేయకుండా ఓఆర్ఆర్ గాని, హైవే టోల్ గాని దాటితే మీ ఫోన్‌కు వచ్చే సందేశమే పోలీసులకు దారి చూపుతుంది. చుట్టుపక్కల దుకాణాలు, అపార్ట్‌మెంట్ల కెమెరా దృశ్యాలను ఆ రోజే అడగండి. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం పెద్ద సంస్థలు 30 రోజుల రికార్డింగ్ ఉంచాలంటుంది గానీ, చిన్న దుకాణాలలో కొద్ది రోజులకే పాత దృశ్యాలు చెరిగిపోతాయి.

బీమా కంపెనీకి అదే రోజు ఈ-మెయిల్ ద్వారా తెలపండి, ఆర్టీఓకు కూడా లేఖ ఇచ్చి బండి బదిలీని ఆపించండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదైతే, కంపెనీకి తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే చూపి నిజమైన క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా ఆలస్యం చేసి ఆ తీర్పుతో వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు. బండి ఆచూకీ దొరకలేదని పోలీసులు ఇచ్చే నివేదిక, ఆర్సీ, పాలసీ, సంతకాలు చేసిన, బండి బదిలీకి సంబంధించిన 28, 29, 30 ఫారాలు, బండికి ఉన్న తాళం చెవులన్నీ కంపెనీ అడుగుతుంది. మొదటి అడుగులో నిలిపివేసిన తాళం చెవుల బిల్లు ఉంటే, రెండో తాళం చెవి ఎందుకు లేదన్న ప్రశ్నకు అదే మీ జవాబు.

బండి దొరికితే పోలీస్ స్టేషన్ ఆవరణలో నెలల తరబడి ఎండకు వానకు వదిలేయకుండా, తాత్కాలిక కస్టడీ కోసం న్యాయవాది ద్వారా కోర్టులో వెంటనే దరఖాస్తు చేయించండి. తీసుకునేటప్పుడు ఏ భాగాలు పోయాయో, ఏవి దెబ్బతిన్నాయో చూసి పంచనామాలో నమోదు చేయించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఫ్లాట్‌బెడ్ బండిపైనే షెడ్డుకు తరలించండి.